మోడ్‌బస్, ప్రొఫిబస్, క్యాన్‌ఓపెన్: వైరు లాగే ముందే తేల్చుకోండి

ఒక మెషిన్‌లో ఎనిమిది డ్రైవులు (మోటార్ల వేగం చూసేవి), రెండు రిమోట్ ఐఓ రాక్‌లు, నాలుగు టెంపరేచర్ కంట్రోలర్లు ఉన్నాయి, అన్నీ ఒకే పీఎల్‌సీతో (మెషిన్‌ని నడిపే కంట్రోలర్‌తో) మాట్లాడాలి, ఏ నెట్‌వర్క్ పెడదాం అని కూర్చుంటే మాట మొదట స్పీడ్ మీదికే పోతుంది. ఒకరు 12 ఎంబీపీఎస్ ఉంది కదా ప్రొఫిబస్ పెట్టేద్దాం అంటారు, ఇంకొకరు మోడ్‌బస్ పాతబడిపోయింది వద్దంటారు. నేను చూసినంతలో స్పీడ్ చాలక ఆగిన మెషిన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వైరింగ్ సరిగ్గా లేక ఆగినవి మాత్రం అడగొద్దు. అక్కర్లేని స్పీడ్ పెట్టుకుంటే చిన్న చిన్న తప్పుల్ని ఓర్చుకునే గుణాన్ని కేబుల్ నుంచి మన చేత్తో మనమే తీసేసినట్టు. అందుకని నా లెక్క అటు నుంచి మొదలవుతుంది: ఎంత స్పీడ్ ఉంటే చాలు, కేబుల్ ఎక్కడెక్కడ తిరుగుతుంది, చెడిపోతే అర్ధరాత్రి మల్టీమీటర్ పట్టుకుని ఎవరు వస్తారు, ఆ తర్వాతే ప్రోటోకాల్ పేరు.

ముందు కాగితం మీద లెక్క

పైన చెప్పిన 14 పరికరాలనే తీసుకుందాం. మోడ్‌బస్ ఆర్‌టీయూ, 19200 బాడ్. ఒక్కో క్యారెక్టర్‌కి 11 బిట్లు, అంటే సుమారు 0.57 మిల్లీసెకన్లు. ఒక స్లేవ్ (అడిగితే జవాబిచ్చే పరికరం) నుంచి 10 రిజిస్టర్లు (విలువలు ఉండే గళ్లు) చదవాలంటే మాస్టర్ (అడిగేది, ఇక్కడ పీఎల్‌సీ) 8 బైట్లు పంపుతుంది, స్లేవ్ 25 బైట్లు తిరిగిస్తుంది, మొత్తం 33 క్యారెక్టర్లు, దాదాపు 19 మిల్లీసెకన్లు. ఒక ఫ్రేముకీ (ఒకసారి పంపే సందేశానికీ) ఇంకో ఫ్రేముకీ మధ్య కనీసం మూడున్నర క్యారెక్టర్లంత సేపు లైన్ నిశ్శబ్దంగా ఉండాలి, పోనూ రానూ కలిపి అదో 4 మిల్లీసెకన్లు. స్లేవ్ జవాబు తయారు చేసుకోవడానికి ఇంకో 5 నుంచి 10 అనుకోండి. మొత్తం మీద ఒక్కో పరికరానికి 30 మిల్లీసెకన్లు, 14 చుట్టి వచ్చేసరికి 420. అర సెకను లోపే. టెంపరేచర్ చదవడానికి ఈ వేగం అవసరానికి మించే ఉంది, ఫ్యానుకో పంపుకో మామూలు కన్వేయర్‌కో స్పీడ్ సెట్‌పాయింట్ ఇవ్వడానికీ సరిపోతుంది. రెండు రోలర్లు ఒకదానితో ఒకటి కలిసి నడవాలంటే మాత్రం కుదరదు.

ఇక్కడ చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. ఈ 420 అన్ని పరికరాలూ బతికి ఉన్నప్పటి లెక్క. ఒక్క స్లేవ్ పవర్ పోయి, మాస్టర్‌లో టైమౌట్ 500 మిల్లీసెకన్లు, మూడుసార్లు ప్రయత్నించు అని పెట్టి ఉంటే, ఆ చచ్చిన స్లేవ్ దగ్గరే ప్రతి రౌండులో సెకనున్నర పోతుంది, మిగతా 13 దానికోసం క్యూలో నిలబడతాయి. పైకి చూస్తే మెషిన్ మొత్తం బద్ధకించినట్టుంటుంది. టైమౌట్ 100 దగ్గర పెట్టి, జవాబివ్వని స్లేవ్‌ని పక్కన పెట్టి కొన్ని సెకన్లకోసారి మాత్రమే పలకరించేలా ప్రోగ్రాం రాసుకుంటే ఈ బాధ ఉండదు.

అదే 14 పరికరాల్ని ప్రొఫిబస్ డీపీలో 1.5 ఎంబీపీఎస్ మీద నడిపితే, ఒక్కోదానికి అటు పది బైట్లు ఇటు పది బైట్లు అనుకున్నా మొత్తం 5 మిల్లీసెకన్ల చుట్టుపక్కల అయిపోతుంది. క్యాన్‌ఓపెన్‌లో 500 కేబీపీఎస్ దగ్గర 8 బైట్ల ఫ్రేము ఒకటి పావు మిల్లీసెకను, పరికరానికి రెండు చొప్పున 28 ఫ్రేములు, 7 మిల్లీసెకన్లు. మన పీఎల్‌సీ స్కాన్ (ప్రోగ్రాం ఒక చుట్టు తిరిగే సమయం) 10 మిల్లీసెకన్లు ఉంటే ఈ రెండూ చాలు. మరి 12 ఎంబీపీఎస్ ఎవరికోసం?

మోడ్‌బస్: స్వేచ్ఛ ఎక్కువ, చిక్కూ అక్కడే

1979లో మోడికాన్ తన పీఎల్‌సీల కోసం తయారు చేసింది, ఇప్పటికీ చవక వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే డ్రైవు) నుంచి ఎనర్జీ మీటర్ దాకా దాదాపు అన్నిట్లోనూ అదనపు కార్డు లేకుండా దొరుకుతుంది. మోడ్‌బస్ అనేది భాష, దాని కింద వైరు సంగతి చూసేది ఆర్ఎస్-485. కనెక్టర్ ఏది వాడాలి, వైరు రంగేంటి, టర్మినేషన్ (సిగ్నల్ ప్రతిధ్వనించకుండా లైన్ చివర పెట్టే రెసిస్టర్) లోపలా బయటా అనేది ప్రతి తయారీదారూ తన ఇష్టానికి పెట్టుకున్నాడు. కమిషనింగ్‌లో మన టైమంతా తినేది ఇదే.

అన్నిటికంటే ముందు ఏ, బీ అని పేర్లున్న రెండు డేటా వైర్ల గొడవ. స్టాండర్డ్ ప్రకారం లైన్ ఖాళీగా ఉన్నప్పుడు బీ వైరు ఏ కంటే పాజిటివ్‌గా ఉండాలి. కానీ చాలా చిప్ డేటాషీట్లలో ఏ అనేదే పాజిటివ్ వైపు. కాబట్టి ఒక కంపెనీ ఏ ని ఇంకో కంపెనీ ఏ కి కలిపితే పనిచేస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. పేర్లు వదిలేసి, బయాస్ (దాని సంగతి కిందే చెప్తాను) ఉన్న మాస్టర్ దగ్గర మల్టీమీటర్‌తో లైన్ ఖాళీగా ఉన్నప్పుడు రెండింట్లో ఎక్కువ వోల్టేజీలో ఉన్న వైరేదో చూసి దానికి ప్లస్ అని గుర్తు పెట్టుకోండి, స్లేవ్ జవాబివ్వకపోతే రెండు వైర్లు మార్చి చూడండి. తిరగేసి పెడితే ఏమీ కాలిపోదు, మాట్లాడదంతే.

తర్వాత బయాస్. ఎవరూ మాట్లాడనప్పుడు లైన్ గాల్లో వేలాడకుండా ఒక చోట, ఒక్క చోట మాత్రమే, ఒక వైరు నుంచి ఒక రెసిస్టర్ 5 వోల్టులకి, రెండో వైరు నుంచి ఒకటి కామన్‌కి (సున్నా వోల్టుల వైరుకి) పెట్టాలి. మోడ్‌బస్ స్పెసిఫికేషన్ చెప్పే విలువ 450 నుంచి 650 ఓమ్స్. ఎందుకంత తక్కువ అంటే, రెండు చివర్లలో 120 ఓమ్స్ చొప్పున టర్మినేషన్ పెట్టాక లైన్ మీద 60 ఓమ్స్ లోడు ఉంటుంది. 560 ఓమ్స్ రెండు పెడితే ఆ 60 మీద పావు వోల్టు నిలుస్తుంది, రిసీవర్‌కి కావలసిన 200 మిల్లీవోల్టులు దాటినట్టే. అదే 4.7 కిలోఓమ్స్ పెడితే 32 మిల్లీవోల్టులే, ఉన్నా లేనట్టే. టర్మినేషన్ పెట్టకముందు బాగా నడిచింది, పెట్టాక తప్పులొస్తున్నాయి అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది బయాస్ గురించే. పాపం టర్మినేషన్‌ని తిట్టి పీకేస్తారు, తప్పు దానిది కాదు.

మూడోది కామన్ వైరు. ఆర్ఎస్-485 రెండు వైర్లే అని అందరూ అనుకుంటారు, నిజానికి మూడు. రిసీవర్ తట్టుకునే కామన్ మోడ్ వోల్టేజీ మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల దాకానే. రెండు ప్యానెళ్ల ఎర్తింగ్ మధ్య తేడా అంతకు మించితే డేటా పోవడం కాదు, పోర్టే పోతుంది. ప్యానెల్ దాటి బయటికెళ్లే లైన్ అయితే కామన్ వైరు లాగండి, ఐసొలేటెడ్ పోర్టు ఉన్న పరికరమో, రిపీటరో (సిగ్నల్‌ని మళ్లీ బలంగా పంపేది) తీసుకోండి.

దూరం విషయంలో మోడ్‌బస్ చాలా ఓపిక ఉన్నది. 9600 దగ్గర వెయ్యి మీటర్ల దాకా లాగొచ్చు. ఒక సెగ్మెంటులో (మధ్యలో రిపీటర్ లేని లైన్ ముక్కలో) మామూలు ట్రాన్స్‌సీవర్లైతే (వైరు మీదికి పంపే, తీసుకునే చిప్‌లైతే) 32, ఎనిమిదో వంతు లోడు తీసుకునే చిప్‌లైతే 256 దాకా ఎలక్ట్రికల్‌గా పడతాయి, కానీ మోడ్‌బస్ అడ్రసులు 1 నుంచి 247 వరకే. ఒకే లైన్ మీద వంద పెట్టొచ్చు కదా అని పెట్టకండి, పైన కట్టిన లెక్క గుర్తుంది కదా.

ప్రొఫిబస్ డీపీ: క్రమశిక్షణ కేబుల్‌లోనే ఉంది

కింద ఉన్నది అదే ఆర్ఎస్-485, కానీ ఇక్కడ అన్నీ ముందే తేల్చిపెట్టారు. ఊదా రంగు కేబుల్, లోపల ఎరుపు బీ, ఆకుపచ్చ ఏ, 9 పిన్ కనెక్టర్‌లో బీ మూడో పిన్ను, ఏ ఎనిమిదో పిన్ను. టర్మినేషన్ కనెక్టర్‌లోనే స్విచ్‌తో ఉంటుంది, బయాస్ కూడా అందులోనే: 390, 220, 390 ఓమ్స్. మోడ్‌బస్‌లో మనం తల పట్టుకునే మూడు ప్రశ్నలకి ఇక్కడ జవాబు పెట్టెలోనే వస్తుంది. నాకు ప్రొఫిబస్‌లో నచ్చేది స్పీడ్ కాదు, ఇదే.

బదులుగా అది అడిగేది కచ్చితత్వం. 93.75 కేబీపీఎస్ వరకు సెగ్మెంటు 1200 మీటర్లు, 500 దగ్గర 400 మీటర్లు, 1.5 ఎంబీపీఎస్‌కి 200, 3 నుంచి 12 ఎంబీపీఎస్‌కి 100 మీటర్లే. 1.5 వరకు చిన్న చిన్న కొమ్మలు (మెయిన్ లైన్ నుంచి పక్కకి తీసిన కేబుల్ ముక్కలు), సెగ్మెంటు మొత్తానికి కలిపి 6.6 మీటర్లు, ఓర్చుకుంటుంది. దాని పైకి వెళ్తే కొమ్మ అన్న మాటే ఉండకూడదు, రెండు పరికరాల మధ్య కనీసం మీటరు కేబుల్ ఉంచమంటారు, ఎందుకంటే దగ్గరదగ్గరగా ఉన్న కనెక్టర్ల నుంచి వచ్చే ప్రతిధ్వనులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. పక్కపక్కనే బిగించిన డ్రైవుల మధ్య మీటరు కేబుల్‌ని చుట్ట చుట్టి డక్టులో కుక్కడం చూస్తే నవ్వొస్తుంది కానీ 12 ఎంబీపీఎస్‌లో అది అవసరమే. 1.5కి దిగండి, ఆ చుట్టలతో పని లేదు.

కనెక్టర్ స్విచ్ గురించి రెండు ముక్కలు. చాలా కనెక్టర్లలో స్విచ్ ఆన్ చేస్తే బయటికి వెళ్లే కేబుల్ లోపలే తెగిపోతుంది. అందుకే చివరి కనెక్టర్‌లో కేబుల్‌ని ఇన్ టెర్మినల్లోనే బిగించాలి, పొరపాటున ఔట్‌లో బిగించి స్విచ్ ఆన్ చేస్తే ఆ పరికరమే నెట్‌వర్క్‌లో ఉండదు, మీరు అడ్రసు తప్పేమో అని గంటసేపు వెతుకుతారు. ఇదే గుణం తప్పు పట్టుకోవడానికి పనికొస్తుంది: మధ్య పరికరం దగ్గర స్విచ్ ఆన్ చేస్తే మాస్టర్ వైపు సగం మాత్రమే మిగులుతుంది, అది బాగా నడిస్తే లోపం అవతలి సగంలో ఉన్నట్టు. అలా సగం సగం చేసుకుంటూ పోతే ఇరవై పరికరాల లైన్‌లో కూడా ఐదు ప్రయత్నాల్లో దొరుకుతుంది.

ఇంకోటి నాకు బాగా తగిలింది. ఈ టర్మినేషన్‌కి 5 వోల్టులు పరికరం నుంచే రావాలి. ఒక కన్వేయర్ లైన్‌లో చివరి డ్రైవు దగ్గర టర్మినేషన్ ఆన్ చేసి వచ్చేశాం, నెలల తరబడి సమస్య లేదు. ఆ తర్వాత అప్పుడప్పుడు రాత్రి షిఫ్టులో మధ్యలో ఉన్న స్టేషన్లు, రోజుకో స్టేషను చొప్పున, డ్రాప్ అవుతున్నాయని కబురు. మేం వెళ్లేసరికి అంతా బాగుండేది. మూడోసారి రాత్రంతా కూర్చుంటే తెలిసింది, మెయింటెనెన్స్ వాళ్లు శుభ్రం చేయడానికి చివరి డ్రైవు ఐసొలేటర్ దించుతున్నారు, దాంతో టర్మినేషన్ పవర్ పోతోంది. తప్పు మాదే. అప్పటినుంచి చివర్లో ఎప్పుడైనా ఆపే పరికరం ఉంటే విడిగా 24 వోల్టులు తీసుకునే యాక్టివ్ టర్మినేటర్ పెట్టడం అలవాటైంది.

క్యాన్‌ఓపెన్: కాంపాక్ట్ మెషిన్‌కి

క్యాన్ బస్‌ని బాష్ 1986లో కార్ల కోసం బయటపెట్టింది, క్యాన్‌ఓపెన్ దాని మీద కట్టిన పారిశ్రామిక భాష. సర్వోలు, ఎన్‌కోడర్లు, హైడ్రాలిక్ వాల్వులు ఒకే మెషిన్ ఫ్రేము మీద బిగించి ఉండే మెషిన్లలో ఇది బాగా కుదురుతుంది. మాస్టర్ అడిగేదాకా ఆగక్కర్లేదు, విలువ మారగానే పరికరమే పంపుతుంది. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే ఐడెంటిఫయర్ నంబరు చిన్నదైన సందేశం ఏమీ చెడకుండా ముందుకెళ్తుంది, రెండోది ఆగి మళ్లీ పంపుతుంది. తప్పులు ఎక్కువ చేసే నోడ్ (బస్ మీద ఉన్న పరికరం) తనంతట తానే బస్ నుంచి తప్పుకుంటుంది, మిగతావాళ్లని ముంచదు. మోడ్‌బస్‌లో ఇంత మర్యాద లేదు.

కానీ ఇక్కడ దూరం మీద బేరం లేదు. పంపిన బిట్టుని ఆ బిట్టు సమయంలోనే అవతలి చివర చూసి స్పందించి, ఆ స్పందన తిరిగి రావాలి. కేబుల్‌లో సిగ్నల్‌కి మీటరుకి సుమారు 5 నానోసెకన్లు పడుతుంది, అంచేత ఎంత మంచి కేబుల్ వేసినా భౌతికశాస్త్రం ఒప్పుకోదు. 1 ఎంబీపీఎస్‌కి ఆచరణలో 25 నుంచి 40 మీటర్లు, 500 కేబీపీఎస్‌కి 100, 250కి 250, 125కి 500 మీటర్లు. మామూలు రిపీటర్ పెట్టినా దాని ఆలస్యం కూడా ఈ లెక్కలోనే పడుతుంది.

వైరింగ్ తనిఖీ మాత్రం నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే తేలిక. పవర్ మొత్తం ఆపి క్యాన్ రెండు వైర్లైన హై, లో మధ్య ఓమ్స్ కొలవండి. 60 వస్తే రెండు చివర్ల టర్మినేషన్ ఉంది. 120 అంటే ఒకటి లేదు. 40 అంటే ఎవరో మూడోది కూడా ఆన్ చేశారు, ఏదో ఒక డ్రైవులో చిన్న డిప్ స్విచ్ అయ్యుంటుంది. 9 పిన్ కనెక్టర్‌లో హై ఏడో పిన్ను, లో రెండో పిన్ను, గ్రౌండ్ మూడో పిన్ను. గ్రౌండ్ వైరు వదిలేయకండి, ఆర్ఎస్-485కి చెప్పిందే ఇక్కడా.

డివైస్‌నెట్ కూడా క్యాన్ మీదే నడుస్తుంది, అదే కేబుల్‌లో 24 వోల్టుల పవర్ కూడా వస్తుంది, 64 నోడ్లు, ఒక్కో కొమ్మ 6 మీటర్లు మించకూడదు. ఫ్యాక్టరీలో ఇప్పటికే ఉంటే దానికే కలపండి, కొత్తగా మొదలుపెట్టడానికి నేను సిఫారసు చేయను. సీసీ-లింక్ మిత్సుబిషి పీఎల్‌సీలు ఉన్నచోట సహజంగా వస్తుంది, 156 కేబీపీఎస్‌కి 1200 మీటర్లు, 10 ఎంబీపీఎస్‌కి 100 మీటర్లు, మామూలు కేబుల్‌కి టర్మినేషన్ 110 ఓమ్స్, 120 కాదు. చాలా సర్వో అక్షాలు కచ్చితంగా కలిసి కదలాలంటే ఈ సీరియల్ బస్సులన్నీ వదిలేసి ఈథర్‌నెట్ మీద నడిచే ఈథర్‌క్యాట్ లాంటిదానికి వెళ్లడమే మంచిది.

ఏది పెట్టినా తప్పనివి

డైసీ చైన్. ఒక పరికరం నుంచి ఇంకోదానికి, అక్కడినుంచి ఇంకోదానికి. పీఎల్‌సీ దగ్గర టెర్మినల్ స్ట్రిప్ పెట్టి అక్కడినుంచి నాలుగు వైపులా నాలుగు కేబుళ్లు పంపడం డ్రాయింగ్‌లో చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నిజంలో చివరలు నాలుగయ్యాయి, టర్మినేషన్ ఎక్కడ పెడతారు? 9600 మోడ్‌బస్‌లో చిన్న దూరాలకి అదృష్టం కొద్దీ నడిచిపోతుంది, అదే అలవాటుతో 1.5 ఎంబీపీఎస్‌లో చేస్తే నడవదు. బిల్డింగ్ ఆకారం వల్ల స్టార్ తప్పదంటే కొమ్మకో పోర్టు ఉన్న హబ్ రిపీటర్ పెట్టండి.

షీల్డ్ దగ్గర సలహాలు ఒకదానికొకటి తలకిందులుగా వినిపిస్తాయి. ఒక చివరే ఎర్త్ చేయమని మోడ్‌బస్ వాళ్లు, రెండు చివరలా అని ప్రొఫిబస్ వాళ్లు. రెండూ నిజమే. డ్రైవుల నుంచి వచ్చే హై ఫ్రీక్వెన్సీ నాయిస్‌ని ఆపాలంటే రెండు చివరలా కలపాలి, కానీ రెండు ప్యానెళ్ల ఎర్త్ మధ్య వోల్టేజీ తేడా ఉంటే షీల్డ్‌లో కరెంటు పారుతుంది. కాబట్టి రెండు ప్యానెళ్ల మధ్య లావుపాటి బాండింగ్ వైరు లాగి, అప్పుడు రెండు వైపులా కలపండి. బాండింగ్ కుదరకపోతే ఒక వైపే. ఎలా కలిపినా షీల్డ్‌ని జడలా మెలితిప్పి పొడుగ్గా తీసుకెళ్లి లగ్గు కొట్టకండి, కేబుల్ పైతొడుగు ఒలిచి క్లాంపుతో చుట్టూ పట్టేలా బిగించండి. వీఎఫ్‌డీ మోటార్ కేబుల్ ఉన్న ట్రేలో బస్ కేబుల్ వేయొద్దు, కనీసం 20 సెంటీమీటర్లు దూరం, దాటక తప్పనిచోట అడ్డంగా, తొంభై డిగ్రీల్లో దాటించండి.

ఎమర్జెన్సీ స్టాప్‌ని మామూలు ఫీల్డ్‌బస్ (పైన చెప్పుకున్న లాంటి పరికరాల నెట్‌వర్క్) మీద పెట్టొద్దు. ప్రొఫిసేఫ్ లాంటి సేఫ్టీ ప్రోటోకాల్, దానికి తగ్గ సేఫ్టీ పీఎల్‌సీ ఉంటే వేరే మాట, లేకపోతే దాని వైరు సేఫ్టీ రిలేకి నేరుగానే వెళ్లాలి.

నేనైతే ఏది తీసుకుంటాను

పరికరాలు పదిహేను ఇరవై లోపు, రకరకాల కంపెనీలవి, అర సెకను ఆలస్యం ఫర్వాలేదు అంటే కళ్లు మూసుకుని మోడ్‌బస్, 19200, ఈవెన్ పారిటీ. డ్రైవులు ఎక్కువై, పీఎల్‌సీ స్కాన్ వేగంలోనే జవాబు కావాలి, కేబుల్ వంద మీటర్లు దాటుతుంది, ఫ్యాక్టరీలో ఆ కనెక్టర్లు బిగించడం వచ్చినవాళ్లు ఉన్నారు అంటే ప్రొఫిబస్, 1.5 ఎంబీపీఎస్ లేదా 500 కేబీపీఎస్, పైకి వద్దు. అంతా ఒకే మెషిన్ ఫ్రేము మీద, యాభై మీటర్ల లోపు, సర్వోలు ఎన్‌కోడర్లు ఉన్నాయంటే క్యాన్‌ఓపెన్, 500 కేబీపీఎస్. మా ఉదాహరణలోని 14 పరికరాలకి మాత్రం నేను ఒకటి కాదు రెండు పెడతాను: డ్రైవులూ ఐఓ రాక్‌లూ ప్రొఫిబస్ మీద, టెంపరేచర్ కంట్రోలర్లు విడిగా మోడ్‌బస్ పోర్టు మీద. నిదానంగా మాట్లాడేవాటిని వేగంగా మాట్లాడేవాటితో ఒకే లైన్‌లో కూర్చోబెట్టడం ఇద్దరికీ బాధే. నలుగురు కంట్రోలర్ల కోసం గేట్‌వే (ఒక ప్రోటోకాల్‌ని ఇంకోదానికి మార్చే పెట్టె) కొని దాన్ని కాన్ఫిగర్ చేసే టెన్షన్ కంటే పీఎల్‌సీలో ఖాళీగా ఉన్న సీరియల్ పోర్టు వాడుకోవడం నయం.

ఏది పెట్టినా, మొదటిసారి అంతా బాగా నడిచిన రోజున పవర్ ఆపి టర్మినేషన్ ఓమ్స్ కొలిచి, పరికరాల వరస, అడ్రసులు, ఏ రెండు చివర్లలో టర్మినేషన్ ఆన్‌లో ఉందో ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించండి. ప్రొఫిబస్ అయితే కనెక్టర్లన్నీ పరికరాల నుంచి ఊడదీసి కొలిస్తే 110కి దగ్గరగా రావాలి, క్యాన్ అయితే 60. మోడ్‌బస్‌లో బయాస్ వల్ల 60కి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, మీకు ఎంత వచ్చిందో ఆ అంకె రాయండి.